సగం బిళ్ళ

"బిళ్ళను ఎవరు కోసిండ్రక్కా?"

"నేనే. అడకత్తెరతోని. ఏమైతది?"

"సొరకాయ అనుకున్నవా, ముక్కలు జేసి పంచనీకి?"

"ఒక్క బిళ్ళల రెండు మందులున్నయని నువ్వే అంటివి గదా. ఒకటి మీ బావకు, ఒకటి నాకు. నాకు గూడ తల తిరుగుతాంది."

సుగుణ సిస్టరు సగం బిళ్ళను అరచేతిలో పెట్టుకుని చూసింది. జూలూరుపాడు నుంచి స్కూటీ మీద మా ఊళ్లన్నీ తిరిగే నర్సమ్మ ఆమె. నెలరోజులుగా మందు వాడుతున్నా మా ఆయన బీపీ ఎందుకు దిగడం లేదని ఆ రోజు మందుల డబ్బా తెరిచి చూసింది. అంతకు ముందు వారమే ఆయన మిరపచేలో తూలి పడ్డాడు. నా పొదుపే ఆయన్ని పడేసిందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే అట్టను నొక్కి బిళ్ళ తీస్తుంటే టప్పుమంటుంది. ఆ చప్పుడుకు ఆమె గుర్తుకొస్తుంది. రెండో తరగతిలోనే బడి మానినదాన్ని. నా ముందు ఎవరైనా చదువు ఒలకబోస్తే ఒళ్లు మండేది. ఆ రోజు ఆమె మాత్రం మా డ్రిప్పు పైపును చూపించింది.

"మోటరు జోరుకు పైపు పగిలేటట్టుంటే ఏం జేస్తవ్?"

"వాల్వు తిప్పుత. నీళ్లు తగ్గిస్త."

"అవ్. గీ బిళ్ళల గూడ గంతే. ఒక మందు రక్తనాళాలను వదులు జేస్తది, ఇంకోటి ఒంట్ల ఎక్కువైన ఉప్పునూ నీళ్లనూ ఎల్లగొడ్తది. ఒక్కదాన్నే పెంచుకుంట పోయేకన్నా రెండూ కొంచెం కొంచెం కలిస్తే మంచిగ పని జేస్తయి. నువ్వు కోస్తే సగంల గూడ రెండూ ఉంటయి. గని ఎవ్వలికీ సాలవు."

"మరి రెండు బిళ్ళలే ఇయ్యరాదు?"

"ఇస్తే ఒకటి దాస్తవ్ గదా!"

మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆమె నా చేతికీ బీపీ పట్టీ చుట్టి చూసి, ముఖం ముడుచుకుంది. "ఒకరి మందు ఇంకొకరు మింగొద్దక్కా. నీకేది పడ్తదో డాక్టరు చెప్పాలె."

"మిరపకాయ ఏరేటప్పుడు దవాఖానా ఏంది?" అన్నాను. ఆమె కోపంగా వెళ్లిపోయింది.

ఏళ్ల తర్వాత, ఉద్యోగం అయిపోయాక ఆమె మధిర వైపు సొంతూరికి వెళ్లి, అక్కడే చనిపోయిందట. కబురు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడొచ్చే నర్సు పిల్ల మంచిదే. అంకె చెప్పి, రాసుకుని పోతుంది. నన్ను తిట్టదు. ఆ తిట్టు కోసం ఇప్పటికీ చెవులు ఎదురుచూస్తాయి. పోకచెక్క పంటితోనే కొరుక్కుంటాను; మా ఇంట్లో అడకత్తెర లేదు.

ఆ రోజు కోపంగా వెళ్లిన సుగుణ సిస్టరు మరునాడు పొద్దున్నే మళ్లీ వచ్చింది. మా ఆయన నిండు బిళ్ళ మింగేదాకా ఎదురుగా నిలబడింది. దవాఖానాకు పోదామని నన్ను స్కూటీ ఎక్కమంది. ఎక్కాను. బండి తీసే ముందు లోపలికెళ్లి, నా అడకత్తెర తెచ్చి తన సంచిలో వేసుకుంది.