మందిచ్చాను, డ్యూటీకి పంపాను

పొద్దున ఏడూ పది. రాజయ్య కుడి పాదం మీద రెండు వేళ్లు పెట్టి నాడి కోసం వెతికాను. దొరకలేదు. మళ్లీ వెతికాను. లేదు.

అప్పటికి ఆ క్యాంపుకి వచ్చి మూడు నెలలు. మస్కట్‌కి మూడు గంటల దూరం. కొండల మధ్య రోడ్డు పని. రేకుల గదిలో ఒక మంచం, మందుల అల్మరా, రేడియో సెట్. డాక్టరు వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజులు నేనే. అంతకుముందు మన సైన్యంలో అయిదేళ్లు నర్సింగ్ లెఫ్టినెంటుని. పిల్లలిద్దరూ మస్కట్‌లోని దార్సైట్‌లో మా ఆయన దగ్గర ఉండేవారు. గురువారం మధ్యాహ్నం వెళ్లి శుక్రవారం సాయంత్రం తిరిగొచ్చేదాన్ని.

సైన్యంలో ఒంట్లో బాగాలేనివాళ్లు పొద్దున్నే వరసలో నిలబడతారు. అందులో డ్యూటీ ఎగ్గొట్టేవాణ్ణి పట్టుకోవడం మాకు గొప్ప. వాడి పేరు పక్కన రిజిస్టరులో ఒకటే రాస్తాం: మందు, డ్యూటీ.

రాజయ్యది కరీంనగర్. తాపీమేస్త్రి. ముప్పై నాలుగేళ్లు.

"సిస్టరమ్మా, వంద అడుగులు నడిస్తే పిక్క పట్టేస్తున్నది. జరసేపు నిలబడితే పోతది," అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు.

"నిలబడితే పోయే నొప్పికి సెలవా?" అన్నాను.

వెనక నుంచి ఫోర్‌మన్ అందుకున్నాడు. "మెస్ గంట కొడితే అసలే ఉండదు మేడం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మందు, డ్యూటీ. మూడు వారాల్లో మూడుసార్లు అదే రాశాను. కాలివేళ్లు చల్లబడుతున్నాయంటే జనవరి చలి అన్నాను. సాక్సు విప్పమనలేదు.

నాలుగోసారి తనే విప్పాడు. బొటనవేలి కొస, పక్క వేలి కొస నల్లబడ్డాయి. నాడి వెతికింది అప్పుడే.

రేడియోలో డాక్టరుని పిలిచాను.

"షుగరుందా?"

"లేదు సార్."

"పొగ?"

"రోజుకి రెండు కట్టల బీడీలు."

"పిడికిలి బిగించమనండి. మణికట్టుకి రెండు పక్కలా నాడులు నొక్కి పట్టుకోండి. పిడికిలి తెరిచాక చిటికెనవేలి వైపు వదలండి. రంగు వస్తోందా?"

వదిలాను. పదిహేను లెక్కపెట్టాను. అరచెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లగానే ఉంది.

"రాలేదు సార్."

"కాళ్లలోనే కాదు, చేతుల్లోనూ రక్తనాళాలు వాచి మూసుకుపోతున్నాయి. పొగాకు చేసిన పని. వెంటనే పంపండి. నడవనివ్వకండి."

పికప్‌లో నేనే తీసుకెళ్లాను. ఆసుపత్రిలో ఏవో సూదిమందులు ఇచ్చారు. కానీ అసలు మందు పొగాకు మానడమే అన్నారు. మానకపోతే పాదమే పోతుందన్నారు.

"ఒక్కటి గూడ తాగొద్దా?"

"ఒక్కటి కూడా."

"అన్నం మానమంటే మానేటోన్ని గద సిస్టరమ్మా," అంటూ జేబులోంచి కట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది. కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది.

వెళ్లే రోజు దండం పెట్టాడు. "మీరు పంపబట్టె నా కాలు దక్కింది."

మూడు వారాల సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. తల ఊపాను.

ఆ గురువారమే క్యాంపు వదిలి ఇంటికొచ్చేశాను. ఏళ్లు గడిచాయి. నా వేళ్ల మధ్య తెల్లగా ఉండిపోయిన ఆ అరచెయ్యి మాత్రం నన్ను వదల్లేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున, రాజయ్య కాలు దక్కిందని మా ఆయనతో అంటుంటే విన్న పాప అడిగింది. "అమ్మా, ఆ మేస్త్రి మామకి నువ్వే నయం చేశావా?"

అతనికి చెప్పాల్సిన మాట పిల్లలిద్దరికీ చెప్పాను.

"పాదం డాక్టర్లు నిలబెట్టారు. వేళ్లు పోయింది నా వల్ల. నొప్పి అని మూడుసార్లు చెప్పాడు. నేను నమ్మలేదు."