షార్ట్‌హ్యాండ్ పుస్తకంలో అరబిక్ ఉపన్యాసం

పొన్నూరులో నేను టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. 2003 నాటికి పిల్లలంతా కంప్యూటర్ల వైపు వెళ్లిపోయి నా దగ్గర నలుగురే మిగిలారు. అలాంటి రోజుల్లో గుంటూరు నుంచి హబీబ్ గారనే లెక్చరర్ ఫోన్ చేశారు. "అరబ్బుల భాష, సంస్కృతి మీద యూనివర్సిటీలో మా గురువుగారు మాట్లాడుతున్నారండీ. ఆయనకి ఎనభై రెండేళ్లు. మళ్లీ మాట్లాడతారో లేదో. ప్రతి మాటా రాసిపెట్టాలి, పుస్తకం వేస్తాం" అన్నారు. నన్నింకా ఒకరు పిలుస్తున్నారన్న సంబరంలో ఏ భాషలో మాట్లాడతారని అడగాలని తట్టనేలేదు.

ఉదయం ఏడింటికి బస్సెక్కితే ఎనిమిదింపావుకు గుంటూరు బస్టాండు. టికెట్టు పన్నెండు రూపాయలు. అక్కడి నుంచి ఆటోకి నలభై. మిర్చి యార్డు దగ్గర పడేసరికి డ్రైవరు వెనక్కి తిరిగి, "కొంగు అడ్డం పెట్టుకోండి మేడమ్, సీజను గదా" అన్నాడు. అతను చెప్పడం, నేను తుమ్మడం ఒకేసారి జరిగాయి. ఏం పని మీద వెళ్తున్నారని అడిగితే ఉపన్యాసం రాయడానికని చెప్పాను. "వినడానికి కాదా?" అని ఆశ్చర్యపోయాడు. హాలు చేరేసరికి కళ్లూ ముక్కూ ఎర్రబడిపోయాయి. హబీబ్ గారు నేను ఏడ్చి వచ్చాననుకుని మంచినీళ్లు తెప్పించారు.

పదిన్నరకు పెద్దాయన కాగితం ముక్కయినా లేకుండా మొదలుపెట్టారు. అది ప్రార్థన అనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలైనా ప్రార్థన అయిపోలేదు. పక్కనున్న నస్రీన్ అనే రీసెర్చి విద్యార్థినిని, "తెలుగులో ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అని అడిగాను. "మొత్తం అరబిక్‌లోనే మేడమ్, మీకు చెప్పలేదా?" అంది. బల్ల మీద టేపు రికార్డరు తిరుగుతోంది కాబట్టి కాస్త ధైర్యంగా ఉంది. అంతలో కరెంటు పోయింది. అందులో బ్యాటరీలు లేవు. హబీబ్ గారు వంగుని నా దగ్గరికొచ్చి, "ఇక మీదే భారమండీ" అని గుసగుసలాడి వెళ్లిపోయారు.

లేచి నాకు ఆ భాష రాదని చెబుదామంటే పెద్దాయన ఆగరు. నేను రాయకపోతే ఆ మాటలు పోయినట్టే. షార్ట్‌హ్యాండులో మేం రాసేది శబ్దాన్నే కదా అని పెన్సిలు ఆనించాను. ఆయన నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడటం నా అదృష్టం. గొంతు లోపల్నుంచి వచ్చే శబ్దాలకి మా దగ్గర గీతలు లేవు, పక్కన చిన్న సున్నా చుట్టాను. జనం నవ్వితే నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు.

క్యాంటీన్లో భోజనం ఇరవై రూపాయలు, గోంగూర బాగుంటుంది. "లోపలేం చెప్తన్నారమ్మా?" అని వంటాయన అడిగాడు. తెలియదన్నాను. "పొద్దుట్నించీ రాస్తన్నారంటగా!" "రాశానండీ, తెలియదు." ఆయన నా వంక జాలిగా చూసి ఇంకో గరిటెడు పప్పు వేశాడు.

అప్పుడిక దాచలేక హబీబ్ గారికి చెప్పేశాను. ఆయన ముఖం పాలిపోయింది. "షార్ట్‌హ్యాండంటే ఏ భాషైనా వస్తుందనుకున్నానండీ" అన్నారు. మూడింటికి పెద్దాయన ముందు కూర్చుని, నా గీతల్ని ఒక్కొక్కటిగా పైకి చదివాను. మొదటి వరుసకి ఆయన తలెత్తారు. రెండో వరుసకి నస్రీన్ గబగబా రాయడం మొదలుపెట్టింది. అక్కడక్కడా ఆయన దిద్దారు, ఎక్కువగా తలూపారు. హబీబ్ గారు నా కంటే గట్టిగా ఊపిరి వదిలారు. పదకొండో పేజీలో ఉన్నట్టుండి పెద్దాయన చెయ్యెత్తారు.

"ఆ ముక్క మళ్లీ చదువమ్మా" అన్నారు, శుభ్రమైన తెలుగులో. ఆయనది చిలకలూరిపేటట! మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించుకున్నారు. "ఇది నేనన్నానా?" అని అడిగితే నస్రీన్ కలం కింద పెట్టి, "అన్నారండీ" అంది.

"మా ఆవిడ సంగతి. ఆవిడ పోయాక ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎట్లా వచ్చిందో నోట్లోంచి" అన్నారాయన. నస్రీన్ వైపు తిరిగి, "పుస్తకంలో వద్దు తల్లీ. ఈవిడ దగ్గర ఉండనీ" అన్నారు. నస్రీన్‌ని అడిగితే అర్థం చెప్పేదే. నేను అడగలేదు.

ఇలాంటి ఉపన్యాసాలకు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: భోజనాలవగానే బస్సెక్కేయకండి, సాయంత్రం దాకా ఉండండి. పొన్నూరు వైపు బస్సులు తొమ్మిదింటి దాకా దొరుకుతాయి. నా ఇన్‌స్టిట్యూట్ ఆ తర్వాత రెండేళ్లకు మూసేశాను. అరబిక్ పుస్తకం పోస్టులో వచ్చింది, అందులో నాకు ఒక్క అక్షరం రాదు. అందులో లేని ఆ నాలుగు వరుసలు మాత్రం అప్పుడప్పుడు తీసి, తప్పు పోకుండా పైకి చదువుతాను. చదవడం అయిపోయినా ఆ షార్ట్‌హ్యాండ్ పుస్తకం మూయబుద్ధి కాదు. ఏమన్నారో తెలియకుండానే ఎందుకిలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.