అత్తయ్య పెట్టిన రంగు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగమైతే వచ్చింది గానీ, పనే ఇంకా రాలేదు. మా నందివాడలో ఇంటర్నెట్ నిలకడగా ఉండదని గుడివాడలో మేనత్త ఇంటి మేడ మీద గదిలో మకాం పెట్టాను. కంప్యూటర్లో ప్రోగ్రాములు రాసుకోవడానికి ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. అందులో నేను రాసిందానికంటే దాన్ని ముస్తాబు చేసిందే ఎక్కువ. పొద్దున అక్షరాల సైజు, మధ్యాహ్నం వెనక రంగు, సాయంత్రం ఏ మీట నొక్కితే ఏం జరగాలన్న చర్చ (నాతో నాకే). తెలుగు టీచరుగా రిటైరైన అత్తయ్య మాత్రం "మావాడు పనిలో ఉన్నాడండీ" అని పక్కింటివాళ్ళ మిక్సీ కూడా ఆపించేది.

ఒకరోజు మజ్జిగ తెచ్చి నా వెనక నిలబడింది. నిన్న నీలంగా ఉన్న తెర ఇవాళ నల్లగా ఎందుకుందని అడిగింది. నేనే మార్చానన్నాను.

"ఇది పనా, సరదానా?"

పనిముట్టు పదునుగా ఉండాలి కదా అన్నాను.

"పదును పెట్టడంతోనే కత్తిపీట అరిగిపోయేట్టుందిరా" అంటూ వంగి, అక్షరాలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి నేను కొట్టిన వాక్యాన్ని కూడబలుక్కుంది. "అత్తయ్య... చేసిన... గోంగూర పచ్చడి."

ఇద్దరం ఆగిపోయాం. చూపు మందగించి, పేపర్లో అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని అత్తయ్య చదవడమే మానేసి అప్పటికి ఏడాది దాటింది. "ఇది కనిపిస్తోందిరా నాకు" అంది.

ఆ సాయంత్రమే నా పాత లాప్‌టాప్‌లో అదే ఎడిటర్ పెట్టి, ఆవిడకిష్టమైన పద్యాలన్నీ ఎక్కించి, రంగులు మార్చడం ఎలాగో నేర్పాను. అదే నేను చేసిన పొరపాటు. వారమైనా మొదటి పద్యం దాటలేదు. చిలకపచ్చ కళ్ళకు గుచ్చుకుంటుంది, గులాబీ పద్యానికి నప్పదు. చివరికి తన పెళ్ళి పట్టుచీరలాగా వంకాయరంగు మీద మెంతిరంగు అక్షరాల దగ్గర ఆగింది.

"పనా, సరదానా అత్తయ్యా?" అన్నాను.

తల తిప్పలేదు. "పనిలో ఉన్నానురా. మీ మావయ్యని ఆ టీవీ తగ్గించమను."

ఆ తర్వాత చదివింది. రోజూ సాయంత్రం రాగం తీస్తూ చదువుతుంటే మావయ్య టీవీ కట్టేసి వినేవాడు.

ఇప్పుడు అత్తయ్య లేదు. నా ఎడిటర్ మాత్రం ఇప్పటికీ వంకాయరంగు మీద మెంతిరంగే. ఆఫీసులో కుర్రాళ్ళు చూసి ముసిముసిగా నవ్వుకుంటారు, కొత్త రంగులు చాలా వచ్చాయి, మార్చుకోవచ్చు కదండీ అంటారు. నాకేమో మార్చడానికి చేతులు రావు. తీరిక లేదు బాబూ, పనిలో ఉన్నానంటాను.