పిన్ని ఉంగరంలో పచ్చ

మా దీవిలో అబర్డీన్ బజార్‌లోని నగల దుకాణంలో నన్ను రాళ్ల కౌంటర్ దగ్గరికి రానివ్వడానికి యజమానికి మూడేళ్లు పట్టింది. ఆడపిల్లకు రంగు తెలుస్తుంది గానీ రాయి తెలియదని ఆయన నమ్మకం. నాకు ఒళ్లు మండేది. ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చ రాళ్లన్నీ అక్కచెల్లెళ్లే కాబట్టి, కౌంటర్ దక్కాక మధ్యాహ్నాలు ఒక్కో రాయినీ గుమ్మం మెట్టు మీదికి తెచ్చి భూతద్దంతో చూసేదాన్ని. పచ్చలో సన్నటి గీతలు, నాచు తునకల్లాంటివి కనిపిస్తాయి. పెరిడాట్ అనే చౌక రాయిలో కాస్త పసుపు ఛాయ ఉంటుంది. గాజులో గుండ్రటి గాలి బుడగలు.

ఏ రాయినైనా తెచ్చినవాళ్ల ఎదుటే చూడాలని నియమం పెట్టుకున్నాను. లంబాలైన్‌లో ఉండే పిన్ని వచ్చిన రోజు ఆ నియమం నేనే తప్పాను. ఆవిడ అమ్మకు చిన్నప్పటి స్నేహితురాలు. రాయి కదులుతోందని ఉంగరం తీసి ఇస్తే, ఎదురుగా భూతద్దం పెడితే అనుమానించినట్టుంటుందని మొహమాటపడి లోపలికి తీసుకెళ్లాను. చూస్తే రెండు బుడగలు.

“పచ్చే అని చెప్పి బిగించి ఇచ్చెయ్. ఝగడా ఎందుకు?” అన్నాడు యజమాని. నేను వినలేదు. వెళ్లి గాజని చెప్పేశాను.

పిన్ని ముఖం ఎర్రబడింది. “నానిచ్చింది అసలీ పచ్చే. లోపల బదల్ చేసేసినారు.”

యజమాని చూపు చూస్తే నా కౌంటర్ పోయినట్టే అనిపించింది. దొంగననిపించుకుని మాత్రం ఆ మెట్టు దిగదలచుకోలేదు. పిన్నిని వెలుగులోకి తీసుకొచ్చి భూతద్దం ఆవిడ చేతికే ఇచ్చాను.

“అంచులు సూడు పిన్నీ, అరిగిపోనాయి. కొత్త గాజయితే పదునుగా ఉంటాది. రాయిని పట్టుకున్న ఈ బంగారు కొనల కింద సబ్బు మురికి సూసినావా? మేం రాయి తీసుంటే ఇది ఉండదు కదా.”

పిన్ని చాలాసేపు చూసింది. ఉంగరం వేలికి పెట్టుకోకుండా గుప్పిట్లో ఉంచుకుంది.

“నానూ మీ అమ్మా ఈ ఉంగరాలు ఒక్క రోజే కొన్నాం. ఒక్క దుకానంలోనే” అంది.

గరాచర్మ బస్సులో ఇంటికి చేరేసరికి చీకటి పడిపోయింది. అమ్మ తన పచ్చ ఉంగరం ఉన్న చేత్తోనే నాకు అన్నం వడ్డించింది. తెల్లవారాక అమ్మను వాకిట్లోకి పిలిచి, ఉంగరం తీయమని, భూతద్దం ముందుగా అమ్మ చేతికే ఇచ్చాను.