ఎండకు మూగబోయిన వైర్‌లెస్

అరవైల నాటి మాట. బెంగళూరులో వైర్‌లెస్ సెట్ల తయారీలో కొత్తగా ఇంజినీరుగా చేరాను. చింతామణి, బాగేపల్లి మధ్య మా సెట్లకు పరీక్ష పెట్టారు. పొద్దున చక్కగా పలికిన సెట్టు ఎండ ముదిరేసరికి వాటిని కొనడానికి వచ్చిన అధికారి ముందే మూగబోయింది. కావలసిన తరంగాన్నే లోపలికి వదిలే ఫిల్టరు వేడికి శ్రుతి తప్పింది.

"ఇది పనికిరాదమ్మా, మూట కట్టేయండి" అన్నారాయన. తల కొట్టేసినట్టయింది. అయినా బతిమాలి కొంత గడువు తీసుకున్నాను.

దిబ్బూరహళ్ళిలో మా పెద్దమ్మ పట్టుగూళ్ళు ఉడికించే పొయ్యి పక్కన ఫిల్టర్లూ, మీటరూ పెట్టుకుని కూర్చున్నాను. ఒకే కొలతతో చేసినా, వేడికి ఒక్కోదాని శ్రుతి ఒక్కోలా జరుగుతోంది. ఆ జరిగినంతా వెనక్కి లాగే కెపాసిటర్‌ను ఒక్కోదానికీ విడిగా వెతికి అతికించాను.

"చేతులు బొబ్బలెక్కినాయి, ఇంక చాలించు తల్లీ!" అంది పెద్దమ్మ.

"ఇది నిలిచేదాకా లేసేది లేదు పెద్దమ్మా."

మళ్ళీ బాగేపల్లిలో, ఆ అధికారి ఎదుటే, మిట్టమధ్యాహ్నం సెట్టును ఎండలోనే ఉంచాను. పైరేకు చెయ్యి పెట్టలేనంతగా కాలింది. అప్పుడు చింతామణి నుంచి మా ఆపరేటర్ గొంతు స్పష్టంగా వచ్చింది: "వినపడతాండాదా అమ్మా?"

అధికారి కుర్చీ ముందుకు లాక్కుని, "ఇంకోసారి మాట్లాడమనమ్మా" అన్నారు.

ఆ తర్వాత పనిచేసినన్నాళ్ళూ, వేడికి నిలవని సెట్టు ఒక్కటీ నా చేతి మీదుగా బయటికి పోలేదు.