కార్డు ముట్టని మామయ్య

మామయ్యకి ఒకటే పిచ్చి. ల్యాప్‌టాప్‌లో దివ్యమైన గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని, దాన్ని ఎవరినీ వాడనిచ్చేవాడు కాదు.

మిగతా విషయాల్లో ఆయనంత తొందర మనిషి ఇంకొకరు లేరు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు. పొగలుకక్కే టీ ఒక్క గుక్కలో తాగి, నాలుక కాలిందని టీకొట్టువాణ్ణి తిట్టేవాడు. ఎదుటివాళ్ళు మొదలుపెట్టిన మాట తనే పూర్తిచేసేవాడు, అదీ తప్పుగా. అలాంటివాడు వీడియో రెండరింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కుర్చీలో చేరగిలబడి, నత్తకి నడక నేర్పుతున్నట్టు కూర్చునేవాడు.

ఇస్త్రీ దుకాణం పైన ఒక్క గది ఆయన స్టూడియో. పోయినవాళ్ళ ఫొటోలూ, ఫోన్లలో మిగిలిన వీడియో ముక్కలూ తెస్తే, ఇంటివాళ్ళకి జ్ఞాపకంగా ఒక చక్కని వీడియో చేసి ఇచ్చేవాడు. ఆ పని పెరిగాక మేనకోడలు వచ్చి భాగస్వామిగా చేరింది. ముక్కలన్నీ అతికించి ఒక్క ఫైలుగా మార్చే ఆఖరి పనే రెండరింగ్. ఆ బరువంతా ప్రాసెసరే మోస్తే గంటలు పడుతుంది, గ్రాఫిక్స్ కార్డుకి అప్పగిస్తే చిటికెలో అయిపోతుంది. సెట్టింగుల్లో ఒక్క గుర్తు మార్చాలి, అంతే. ఈ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టే.

"మామయ్యా, కార్డు ఆన్ చేస్తాను."

"వద్దు. వేడెక్కుతుంది."

"చలికాలం కదా!"

"అయితే బిగుసుకుపోతుంది."

"మరి కార్డున్న ల్యాప్‌టాపే ఎందుకు కొన్నావు?"

"కొత్తల్లుడిలాంటిదే అదీ. ఇంట్లో ఉండాలి, పని చెప్పకూడదు."

పాపం, పెద్దాయనకి సెట్టింగులు తెలియవు, ఒప్పుకోడానికి నామోషీ అని ఆమె సరిపెట్టుకుంది. వీడియో కోసం వచ్చినవాళ్ళు గంటలకొద్దీ ఎదురు చూస్తుంటే ఆమెకి ప్రాణం చచ్చిపోయేది. మామయ్య మాత్రం వాళ్ళతో ఊసుపోని కబుర్లు. "ఈ ఫొటోలో ఈయన ఎందుకంత నవ్వుతున్నాడు?" "ఈ చీర ఎవరు కొన్నారు?" అంటూ.

ఒక మధ్యాహ్నం రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన వీడియో తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆయన భార్య దర్జీ పని చేసేది. ఆవిడ పోయి ఎన్నాళ్ళో కాలేదు. మామయ్య టీ తాగడానికి కిందికి దిగాడు. ఇదే అదనని మేనకోడలు కార్డు ఆన్ చేసింది. డ్రైవరు కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే వీడియో తయారైపోయింది.

"అయిపోయిందండీ!" అంది గర్వంగా, పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతూ.

"అప్పుడేనా అమ్మా?"

ఆయన లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. ఆగాడు. "వాన వచ్చేలా ఉంది కదూ?" అన్నాడు. కిటికీలోంచి ఎండ చుర్రుమంటోంది.

అంతలో మామయ్య దడదడా మెట్లెక్కి వచ్చి ఆయన మొహం చూశాడు, చేతిలో పెన్‌డ్రైవ్ చూశాడు.

"ఇటివ్వన్నా. వీడియోలో మరకలు పడ్డాయి."

"నువ్వు చూడనేలేదు కదా మామయ్యా!"

"నాకు మెట్ల మీదనుంచే కనిపించాయి." సరాసరి సెట్టింగుల్లోకి వెళ్ళి, తడుముకోకుండా కార్డు ఆపేసి, పని మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. "ఆలస్యమవుతుందన్నా. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి.

మేనకోడలు మామయ్యని వరండాలోకి లాక్కెళ్ళింది. "మరకలేం లేవు. నేను చూశాను."

"లేవులే."

"మరెందుకీ నాటకం?"

"అందరూ వచ్చి ఓదార్చి వెళ్ళుంటారు. ఆవిడ ఎలా ఉండేదని ఒక్కరూ అడిగుండరు. ఊరికే కూర్చుని మాట్లాడమంటే మొహమాటపడతారే అమ్మడూ. మిషను పని ఇంకా అవ్వలేదంటే కూర్చుంటారు."

ఆమె మామయ్య వెనకే లోపలికి నడిచింది.

తెరమీద కుట్టుమిషను ముందు ఆవిడ ఫొటో ఉంది. పెదాల మధ్య వరసగా గుండుసూదులు.

"అవి నోట్లో ఉండగానే తిట్టేది తమ్ముడూ. ఒక్క సూదీ కిందపడేది కాదు," అన్నాడు డ్రైవరు.

"మరి తిట్లు నీకెలా అర్థమయ్యేవి?"

"కనుబొమ్మల్ని బట్టి."

మామయ్య పగలబడి నవ్వాడు. డ్రైవరూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయి, చొక్కా మీద గుండీ లేని చోట వేలు పెట్టాడు. "ఆసుపత్రిలో ఇది చూసింది. 'ఇంటికెళ్ళాక కుట్టిపెడతాలే' అంది. ఇంకొకరిచేత కుట్టించుకోబుద్ధి కావట్లేదు."

మామయ్య ఓదార్చలేదు. "ఏ రంగు దారం వాడేది?" అన్నాడు.

"నీలం." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "తెల్ల చొక్కాకైనా నీలమే. నేను బయట కుట్టించుకుంటే ఇట్టే పట్టుకోడానికి."

అప్పుడే రెండరింగ్ పూర్తయిందని తెరమీద అక్షరాలు వెలిగాయి.

"అయిందా అమ్మా?" డ్రైవరు కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

మేనకోడలు ల్యాప్‌టాప్‌ని మెల్లగా గోడవైపు తిప్పింది. "ఇంకా లేదండీ. చాలా ఉంది."

మామయ్య ఆమెవైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత కుర్చీ జరుపుకుని డ్రైవరు పక్కన చేరాడు.

"ఎప్పుడైనా బయట కుట్టించుకున్నావా మరి?"

"ఒకే ఒక్కసారి," అన్నాడు ఆయన, ఆవిడ వింటుందేమోనన్నట్టు గొంతు తగ్గించి. "దొరికిపోయాను."

"ఎలా?"

"అదో పెద్ద కథలే తమ్ముడూ," అంటూ డ్రైవరు కుర్చీలో వెనక్కి వాలాడు.