హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు

నేను పుస్తకం చదవడం చూస్తే మా బావకు ఒళ్ళు మండేది. పదో తరగతి తప్పినవాడు లైబ్రరీలో కూర్చోవడం ఆయన దృష్టిలో దొంగ వేషం. "పరీక్షప్పుడు చదవనోడు ఇప్పుడెందుకు చదువుతాండాడు? పని ఎగ్గొట్టను" అని అక్కతో అనేవాడు, నాకు వినపడేటట్టు. నాకూ ఆయన మీద ప్రేమేమీ లేదు. ఈ మాట మొదటే చెప్పడం మంచిది. వయసు మీద పడింది కదా, ఇప్పటికి మెత్తబడి ఉంటాడని ఎవరూ అనుకోవద్దు. ఆయనా మెత్తబడలేదు, నేనూ మెత్తబడలేదు.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో ఆయనకు ఒక టాక్సీ ఉండేది. చేతులు మారి మారి ఆయన దగ్గరికి వచ్చిన పాత అంబాసిడర్. పగలు ఆయన తోలేవాడు. తెల్లవారుజామున నంద్యాల రైలుకు పోయేవాళ్ళను నేను తీసుకుపోయేవాణ్ణి. వాళ్ళను స్టేషను దగ్గర దింపాక, తిరుగు బేరం దొరికేదాకా నా సమయం నాది. నంద్యాల లైబ్రరీ తలుపు తీసేటప్పటికి నేను మెట్ల మీద ఉండేవాణ్ణి. చరిత్ర, వైద్యం, నక్షత్రాలు, తేనెటీగలు, ఏది చేతికొస్తే అది చదివాను. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకొని ఒక్కో వాక్యం విప్పుకునేవాణ్ణి. డిగ్రీలున్న పెద్దమనుషులు వచ్చి పేపరు తిరగేసి, సినిమా బొమ్మ చూసి వెళ్ళిపోయేవారు. అల్మరాల దాకా పోయినవాణ్ణి నేను. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని దాచుకోవాల్సిన అవసరం కనపడదు.

ఒక ఏడాది క్రిస్మస్ నెలలో పొగమంచు విపరీతంగా పట్టింది. కుందూ నది పక్కన, కాలువ కింద వరి పొలాల మధ్య రోడ్డు సాగేచోట, తెల్లవారుజామున కారు బానెట్టు చివర కూడా కనపడేది కాదు. అటువంటి ఒక ఉదయం నేను వరిగడ్డి బండిని రాసుకొని పోయాను. బండికి లాంతరు లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎద్దు పలుపు తెంపుకొని చేనులో పడింది, కారు ఎడమ మడ్‌గార్డు నలిగింది, ఎక్కినవాళ్ళకు రైలు తప్పిపోయింది.

ఇంటికి వచ్చాక మా బావ నలిగిన రేకును చేత్తో తడిమి, నా వైపు తిరిగాడు.

"కండ్లు పోయినాయిరా నీకు. రాత్రంతా బుడ్డిదీపం కింద చీమల్లాంటి అక్షరాలు చూస్తాంటే ఇంకేమవుతాది?"

"కండ్లు కాదు బావా, లైట్లు. ఆ లైట్లతో ఎవరికీ కనపడదు."

"ఇన్నేండ్లు అవే లైట్లతో ఎట్ల తోలినారప్పా? వాళ్ళందరూ గుడ్డోళ్ళా?"

అక్క మధ్యలోకి వచ్చి, "వాన్ని కంటి డాక్టరుకు చూపిద్దామా?" అంది. అది ఇంకా మంటెక్కించింది.

"డాక్టరు ఎందుకు? చాగలమర్రిలో ఒకడుండాడు, అక్షరం ముక్క రాదు, కండ్లు డేగ కండ్లు. పండగ కాంగానే వాన్ని పిలిపిస్తా. ఈయప్పను పోయి లైబ్రరీలోనే సంసారం పెట్టుకోమను."

ఆ స్టీరింగు పోతే నాకు వేరే బతుకు లేదు. చర్చి బడిలో చదువు చెప్పే మా నాయన అప్పటికే నన్ను వదిలేసుకున్నాడు. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. చదవడం వల్ల నేను గుడ్డివాణ్ణయ్యానని ఊరంతా నమ్ముతుంది. నిజంగా నా కళ్ళే చెడ్డవైతే ఒప్పుకుందును. కానీ లైబ్రరీ గోడ మీది పటంలో చిన్న ఊళ్ళ పేర్లు నేను బెంచీ మీద నుంచే చదివేవాణ్ణి.

లైట్లు నేను బాగు చేస్తానన్నాను. మా బావ నవ్వి, తనకు తెలిసిన వైద్యం తను చేయించాడు. నంద్యాలలో ఒక ఎలక్ట్రికల్ మేస్త్రీ ఉండేవాడు. ఆయన పెద్ద బల్బులు వేశాడు. కారు నెత్తి మీద, ముందు అద్దానికి పైన, గంపంత లైటు ఒకటి బిగించి దానికి పసుపుపచ్చ కాగితం అంటించాడు. హెడ్‌లైట్ల పై సగానికి ఉన్న నల్లరంగు వెలిసిందని కొత్తగా దట్టంగా పూశాడు.

ఆ నల్లరంగు సంగతి ఇప్పటివాళ్ళకు చెప్పాలి. అప్పట్లో మా వైపు కార్లకు, లారీలకు హెడ్‌లైటు అద్దం పై సగం నల్లగా పూసేవారు. అద్దం పై భాగం నుంచి వచ్చే వెలుగు పైకి పోయి ఎదురు వచ్చేవాడి కళ్ళలో కొడుతుందని, కింది భాగం వెలుగు రోడ్డు మీద పడుతుందని అందరి నమ్మకం. కొత్త బండి కొంటే కొబ్బరికాయ కొట్టించడం ఎంత ఖాయమో, ఈ రంగు పూయించడం కూడా అంత ఖాయం. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను కూడా అప్పటిదాకా అడగలేదు.

మేస్త్రీ వైద్యం మరుసటి మంచులోనే తేలిపోయింది. నెత్తి మీది లైటు వేయగానే ఎదురుగా తెల్లగోడ లేచింది. హెడ్‌లైట్లు బ్రైట్‌లో పెడితే గోడ ఇంకా దగ్గరికి వచ్చింది. డిమ్‌లో పెడితే గోడా లేదు, రోడ్డూ లేదు. చివరికి ఎక్కినవాళ్ళలో ఇద్దరు దిగి, తెల్ల తువ్వాళ్ళు పట్టుకొని కారు ముందు నడిచారు.

"కారెక్కి పోదామని వచ్చినామా, కారును తోలుకపోను వచ్చినామా?" అని ఒకాయన మంచులోంచి అరిచాడు.

"మాట్లాడకుండా నడువు మామా, ఆయప్పకు నీ తువ్వాలు తప్ప ఏం కనపళ్ళే" అని రెండో ఆయన.

మా బావకు ఈ కబురు నాకంటే ముందే చేరింది. "చూసినావా? లైటు మీద లైటు పెట్టిచ్చినా. అయినా కనపళ్ళేదంటే ఇంకేముండాది?" అన్నాడు. ఆయన చేసిన తప్పు కూడా నా కళ్ళకే చుట్టాడు.

లైబ్రరీలో అట్ట ఊడిన ఇంగ్లీషు మోటారు పుస్తకం ఒకటి ఉండేది. అంతకు ముందు ఇంజను బొమ్మల కోసం చూశాను గానీ, లైట్ల భాగం తెరవలేదు. ఈసారి దాన్ని నిఘంటువుతో తవ్వాను. బల్బును మధ్యకు కోసి చూపిన బొమ్మ అందులో ఉంది. లోపల రెండు తీగలు. డిమ్‌కు వెలిగే తీగ కింద చిన్న రేకు ముక్క, దోసిలి పట్టినట్టు. దాంతో డిమ్ వెలుగు కిందికి పోలేదు. పైకి పోయి, వెనక అద్దంలా మెరిసే గిన్నెలో పై సగానికి తగిలి, అక్కడి నుంచి ముందుకు, కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. అంటే రోడ్డు మీద పడే డిమ్ వెలుగంతా బయటికి వచ్చేది అద్దం పై సగం నుంచే. మనం నల్లరంగు పూసేది సరిగ్గా అక్కడే.

నేను పుస్తకం మూసి మళ్ళీ తెరిచి చూశాను. బొమ్మ మారలేదు.

ఆ రోజే మేస్త్రీ దగ్గరికి పోయి రంగు గీకేయమన్నాను. ఆయన బీడీ తీసి నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"పై అద్దం పైకి కొడ్తాది, కింది అద్దం కిందికి కొడ్తాది. ఇది చంటిబిడ్డకు కూడా తెలుస్తాదప్పా."

"మేస్త్రీ, పుస్తకంలో బొమ్మ ఉండాది. రా, చూపిస్తా."

"ఆ బొమ్మ ఇంగ్లీషోళ్ళ దేశంలో లైటుది. ఇది నంద్యాల లైటు."

"బల్బు అదే కదా!"

"బల్బు అదే, రోడ్డు వేరే. పో పో, నీకు కండ్లు లేవని మీ బావ ముందే చెప్పినాడులే."

ఇక ఎవరినీ అడగకూడదనుకున్నాను. ఆ సాయంత్రం చీకటి పడగానే కారును మా దొడ్డి గోడకు ఎదురుగా, దూరంగా నిలబెట్టాను. ముందు గడ్డం గీసుకునే బ్లేడుతో నల్లరంగు మొత్తం గీకాను. మధ్యలో చిన్న నల్లబొట్టు మాత్రం ఉంచాను, నల్లరంగు ఏదని రోడ్డు మీద పోలీసాయన అడిగితే చూపించడానికి. డిమ్ వేసి అక్కను చాట తెమ్మన్నాను.

"చాటెందుకురా, లైట్లను చెరుగుతావా?"

"హెడ్‌లైటు ముందర అడ్డం పెట్టు. మొదట కింది సగానికి."

పెట్టింది. గోడ మీది వెలుగు దాదాపు అలాగే ఉంది. పై సగానికి పెట్టమన్నాను. గోడ మీద చీకటి పడింది. అక్క చాట తీసి మళ్ళీ పెట్టింది, తీసి మళ్ళీ పెట్టింది.

"అంటే ఇన్నాళ్ళూ దీపం ముట్టించి మీద బుట్ట బోర్లించినారా?" అంది.

ఆమె ఒక్కతే ఆ ఇంట్లో నా మాట కళ్ళతో చూసి ఒప్పుకున్న మనిషి. భర్త ముందు మాత్రం నోరు తెరవలేదు.

మిగతా పని నాలుగు రోజులు చేశాను. హెడ్‌లైటు గిన్నెలు కళాయి పోయిన పాత్రల్లా ఉన్నాయి. నంద్యాలలో పాత సామాను అంగడిలో మెరుపు పోని జత వెతికి తెచ్చాను. పాత తీగలు కరెంటును దారిలోనే తినేస్తున్నాయి. స్విచ్చి దాకా పోయి తిరిగి వచ్చే ఆ సన్న తీగల బదులు, బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ వేశాను. మధ్యలో రిలే పెట్టాను. స్విచ్చి మీద భారం పడకుండా కరెంటును తనే కలిపే చిన్న డబ్బా అది, లారీలకు వాడతారు. లైటు డబ్బాకూ కారు రేకుకూ మధ్య తుప్పు గీకి, ఎర్త్ తీగ గట్టిగా బిగించాను. నెత్తి మీది గంపలైటు ఊడదీసి బంపరు కిందికి దింపి, వెలుగు రోడ్డు అంచుల మీద వెడల్పుగా పడేటట్టు తిప్పాను. పసుపు కాగితం చింపేశాను. పసుపు వెలుగు మంచును చీలుస్తుందని అందరూ నమ్మేవారు. పుస్తకం ప్రకారం రంగు కంటే ఎత్తు ముఖ్యం. మంచు మన కంటి ముందు ఉంటుంది, వెలుగు కంటి పక్క నుంచి పోతే మంచు దాన్ని తిరిగి మన మొహం మీదకే కొడుతుంది. వెలుగు ఎంత కింద నుంచి పోతే అంత మేలు.

మా బావ ఊడిన గంపలైటును చూసి, "పై నుంచి చూడాల్సిన లైటును పాదాల కాడ పెట్టినావే. చీమలకా?" అన్నాడు. రేపు తనే పక్కన కూర్చుంటానన్నాడు. పండగ ఇంకా రాలేదు, చాగలమర్రి మనిషికి కబురు మాత్రం సిద్ధంగా ఉంది.

మరుసటి రోజు మంచు నాకు మేలు చేసింది. ఇంకా దట్టంగా పట్టింది. వెనక సీట్లో నలుగురు, ముందు మా బావ. నేను బ్రైట్ ముట్టుకోలేదు. డిమ్, కింది లైటు. తెల్లగోడ లేవలేదు. రోడ్డు ఎడమ అంచు, కంకర, గడ్డి, కిలోమీటరు రాయి, ఒక్కొక్కటే వచ్చి పక్కకు పోతున్నాయి. ఒకచోట గొర్రెలమంద రోడ్డుకు అడ్డంగా ఉంది. ముందు వాటి కాళ్ళు కనపడ్డాయి, తర్వాత వాటి కళ్ళు. నేను తొందర లేకుండా బ్రేకు వేశాను. కాపరి మమ్మల్ని తిడుతూ మందను దాటించుకున్నాడు. వెనక కూర్చున్న ఆమె, "ఈపొద్దు ఎవరూ దిగి నడవాల్సిన పని లేదా?" అంది. అందరూ నవ్వారు, మా బావ తప్ప.

ఆయన ముందుకు వంగి రోడ్డు చూస్తూనే ఉన్నాడు.  ఓడిపోయాడనుకున్నాను. నా మనసులో పండగ అప్పుడే మొదలైంది.

"ఆపు" అన్నాడు.

ఆపాను.

"దిగి ఇటు రా."

ఆయన నా సీట్లోకి జరిగాడు. గేరు వేశాడు. నంద్యాల దాకా ఆయనే తోలాడు, నిదానంగా, బాగానే. అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్ళు తెల్లవారుజాము బేరం నాకు వదిలింది, తను చెప్పుకున్నట్టు నిద్ర కోసం కాదు. ఆయనకే చీకట్లో కనపడేది కాదు. అది బయటపడకుండా ఉండటానికి నా కళ్ళ మీద అంత రచ్చ చేశాడు.

స్టేషను దగ్గర అందరూ దిగాక, "ఇంత బాగా కనపడతాంటే నేనే తోలుకుంటా. చాగలమర్రోడు వద్దు, నువ్వూ వద్దు" అన్నాడు.

"నా కండ్లు బాగున్నట్టేనా బావా?"

"బాగుండాయిలే. పోయి చదువుకో."

అక్క ఆ రాత్రి ఆయనతో పోట్లాడింది. గొంతు గోడ దాటి వినపడింది. "వాడు బాగు చేసిన లైట్లకు వాన్నే బయటికి తోస్తావా? సిగ్గుండాదా నీకు?" అయినా పొద్దున్నే కారు ఆయనతోనే పోయింది.

కొన్నాళ్ళకు బస్టాండు పక్క టీ అంగడి దగ్గర టాక్సీ డ్రైవర్ల మధ్య ఆయన గొంతు విన్నాను. కారు ఆ అంగడి ముందే ఉంది. లైట్లు తను బాగు చేయించిన సంగతి చెబుతున్నాడు. "మీరు కూడా ఆ నలుపు గీకి, కింది సగానికి పూయండి. పైది వదిలేయండి. అంతే సూత్రం" అంటున్నాడు. కింద పూస్తే బ్రైట్ సగం చస్తుంది. తప్పు మాట వింటూ ఊరుకోవడం నా చేత కాదు. లోపలికి పోయి, "ఎక్కడా పూయద్దు" అన్నాను. టీ గ్లాసు అడ్డంగా పట్టుకొని లోపలి తీగలు, రేకు దోసిలి, గిన్నె, వెలుగు వంగే తీరు, అన్నీ చెప్పాను.

"చెప్పేది నువ్వు చెప్పప్పా" అన్నాడు మా బావ లేస్తూ, "తోలేది నేను తోలుకుంటా." అందరూ పకపక నవ్వారు. ఒక డ్రైవరు మాత్రం నవ్వకుండా, "రిలే యాడ దొరుకుతాది?" అని అడిగాడు. నేను అతనికి చెబుతూ బయటికి వచ్చి, మా బావ కారు ముందే నిలబడి, దాని హెడ్‌లైటు మీదే వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాను. ఆయన స్టీరింగు ముందు కూర్చొని, జరగమని హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను చెప్పాల్సింది మొత్తం చెప్పి ముగించాక జరిగాను.